తుపాకి పట్టినవాడు

అలెగ్జాండర్ డ్యూమా 'త్రీ మస్కటీర్స్' నవల 1844లో వెలువడింది. మస్కెట్టు అనగా పాతకాలపు పొడుగు తుపాకి; దానిని పట్టిన సిపాయి మస్కటీరు. 1622లో ఫ్రెంచి రాజుగారి రక్షణకై ఏర్పడిన ఆ దళం వారి కథలో తుపాకిమోత కన్న కత్తిసాములే ఎక్కువ. అయినా అక్కడ సిపాయిలే కథానాయకులు.

ఆ నవల వచ్చిన రెండేండ్లకు, 1846లో, మా సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై పడినాడు. ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడులు ముఖ్యులు. కావలికీ కొలువుకూ ప్రతిఫలంగా మాన్యం అనుభవించిన బంట్లు వీరు. 1800లో దత్తమండలం కుంపిణీ వశమైన తరువాత మన్రో కలెక్టరై వచ్చి పాలెగాండ్ర బలాన్ని అణచినాడు. (ఆయన గవర్నరుగా ఉండగా 1827 జూలై 6న కలరాతో కన్నుమూసినది మా పత్తికొండలోనే.) బంట్ల కొలువు పోయింది. పిమ్మట మాన్యాలకూ ముప్పు వచ్చింది. ఆ కడుపుమంటే వారిని రెడ్డి వెంట నడిపింది.

జామగి తుపాకిని కాల్చడం సులువు కాదు. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, నిప్పంటిన జామగిని తగిలించాలి. వాన పడితే అది ఆరిపోతుంది. అంతసేపూ శత్రువు ఎదుట నిలువడానికి ఎంత గుండె కావలెనో!

1847 ఫిబ్రవరి 22న రెడ్డిని ఉరితీసినారు. ఆయనపై పాటలు పుట్టినవి, 2019లో సినిమా వచ్చింది. తగినదే. వడ్డె ఓబన్న వంటి ఒకరిద్దరు తప్ప తక్కినవారి పేర్లు మనకెవరికి తెలుసు? తుపాకి పేరిట జనం నోట నిలిచినవాడు తుపాకి రాముడొక్కడే. పాత కాకీ కోటు, టోపీ, కొయ్యతుపాకి, లేని ఆస్తుల గురించి కోతలు!

నా తరగతిలో ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, "మా జేజినాయన వాళ్ళు కట్టుబడోళ్ళంట సార్, ఇంట్లో తుపాకులుండేవంట, మాన్యం పోయిందంట" అన్నాడు. "తుపాకి రాముడు!" అని ఎవరో అరిచినారు. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వినాను. పైగా 'తుపాకి' తురుష్కభాష నుండి వచ్చిన అన్యదేశ్యమని వ్యాకరణం చెప్పి పాఠంలోకి పోయినాను. బడి విడిచేదాకా వానికి ఆ పేరే నిలిచింది.

ఉద్యోగ విరమణ తరువాత తీరికగా ఈ చరిత్ర చదువుతుంటే ఆ ముఖం గుర్తుకు వచ్చింది. నిరుడు సంతలో కనబడి నమస్కరించినాడు. తలలో వెండ్రుకలు నెరిసినవి.

"మీ జేజినాయన చెప్పినది నిజమే అయివుంటుంది నాయనా" అన్నాను.

"ఏం చెప్పినాడు సార్?" అని అడిగినాడు.