హీరో వెంట విలన్ కూడా వచ్చాడు!

మన సినిమాల్లో కుక్క ఎన్నడూ విలన్ పక్షాన చేరదు. 1985లో వచ్చిన హిందీ చిత్రం 'తేరీ మెహర్‌బానియా'లో యజమాని జాకీ ష్రాఫ్‌ని చంపినవాళ్ల మీద పగ తీర్చుకున్నది మోతీ అనే కుక్కే! 'ప్రేమాలయం' పేరుతో తెలుగులోకి వచ్చిన సల్మాన్, మాధురీల సినిమాలో టఫీ చేసిన అల్లరి సరేసరి. 2022లో వచ్చిన '777 చార్లీ' చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు ఉంటే చేతులెత్తండి! నేను మాత్రం ఎత్తను. ఎందుకంటే ఆ కన్నీళ్లే నా కొంప ముంచాయి. ఎలాగంటారా? చెబుతాను.

మాది గోదావరిఖని. బావ సింగరేణిలో గని కార్మికుడు. అక్కావాళ్లు ఉండేది కంపెనీ క్వార్టర్‌లో. పెళ్లీ పెటాకులూ లేని నేను పత్రికలకు రాసుకుంటూ రోజూ ఆ ఇంటి అన్నమే తింటాను. ఒకరోజు చాయ్ హోటల్ వెనకాల బూడిదకుప్ప మీద ఓ కుక్కపిల్ల కనిపించింది. నెల రోజులుంటాయేమో. తల్లి బొగ్గు లారీ కింద పడి పోయిందట. ఇంకేం, నాలోని హీరో మేలుకున్నాడు! అట్టపెట్టెలో పెట్టి తెచ్చి మూడేళ్ల మేనల్లుడి ఒళ్లో పెట్టాను. పేరు ముందే సిద్ధం - మోతీ.

ఇక చూడాలి వాళ్ల జోడీ! ఇంటి ముందు వేపచెట్టు కిందే వాళ్ల రాజ్యం. మోతీ అక్కడే ఆడుతుంది, అక్కడే అన్నీ కానిస్తుంది. మావాడు అక్కడే చెంచాతో మన్ను తవ్వుతాడు. ఎవరూ చూడకుంటే ఆ మన్ను నోట్లో కూడా వేసుకుంటాడు. మోతీ ఒళ్లు చూస్తే బక్కది, పొట్ట చూస్తే డప్పు. "పాలు మంచిగ తాగుతున్నది" అని అక్క మురిసిపోయింది. నేనూ నమ్మాను.

మూడు వారాల తర్వాత ఓ పొద్దున మోతీ వాంతి చేసుకుంది. అందులో సేమ్యాల్లాంటి తెల్లటి పురుగులు... అవి కదులుతున్నాయి! రాత్రి షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేంది బామ్మర్దీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మోతీని చంకన పెట్టుకుని పశువుల దవాఖానకు పరుగెత్తాను.

అక్కడి డాక్టర్ నవ్వలేదు, తిట్టలేదు. "ఇవి నట్టలు తమ్మీ. తల్లి కడుపులో ఉన్నప్పుడే పిల్లకు వస్తయ్, పాల నుంచి గూడ వస్తయ్. పుట్టిన రెండు వారాలకే మందు మొదలుపెట్టాలె. రెండు వారాలకోసారి, రెండు నెలలు నిండేదాకా తాగియ్యాలె. అటెన్క ఆర్నెల్లదాకా నెలకోసారి" అని చెప్పి, "ఇంట్ల చిన్నపిల్లలున్నరా?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో నా గుండె జారిపోయింది.

అప్పుడు తెలిసింది అసలు కథ. ఈ నట్టల పేరు టాక్సోకారా. వీటి గుడ్లు కుక్క మలంలో వస్తాయి. వచ్చిన రోజే ప్రమాదం ఉండదు. రెండు నుంచి నాలుగు వారాలు మట్టిలో ఉండి అవి ముదురుతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడే కాచుకుని కూర్చుంటాయి! మన్ను తినే పిల్లవాడి పొట్టలోకి చేరితే గుడ్డు పగిలి, కంటికి కనిపించనంత పిల్లపురుగు బయటకొస్తుంది. మనిషి దాని అసలు ఇల్లు కాదు గనక అక్కడ పెద్దది కాలేదు. దారి తప్పి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతుంది. చాలామంది పిల్లలకు ఏమీ కాదు. కొందరికి జ్వరం, దగ్గు వస్తాయి. ఎప్పుడో ఒకరికి మాత్రం కంటిలోకి చేరి చూపునే తినేస్తుంది.

1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అనే శాస్త్రవేత్త, క్యాన్సర్ అనుకుని తీసేసిన పిల్లల కళ్లను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే కొన్నింటిలో పిల్లపురుగులు కనిపించాయట. అది చదివిన రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు!

"బడిల నట్టల మాత్ర ఏస్తరు గద?" అంది అక్క. నిజమే. 2015లో మొదలైన కార్యక్రమం కింద పిల్లలకు ఆల్బెండజోల్ ఇస్తున్నారు. కానీ అది మనుషుల పొట్టలో కాపురం చేసే పురుగుల కోసం. కుక్కకు వేయాల్సిన మందు కుక్కకు వేయాల్సిందే.

మేనల్లుణ్ణి పిల్లల డాక్టర్‌కు చూపించాం. మలపరీక్షలో ఇది దొరకదట, పురుగు లోపల గుడ్లు పెట్టదు గనక. రక్తం తీశారు, కళ్లు పరీక్షించారు. ఫలితం రావడానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ అక్క నాతో మాట్లాడలేదు. వాడు "మామా, మోతీ ఏదీ?" అన్నప్పుడల్లా నేను మొహం తిప్పుకున్నాను. ఐదో రోజున కబురొచ్చింది - ఏమీ లేదు!

బావ మాత్రం "దాన్ని ఎక్కడన్న ఇడిచిరా" అన్నాడు. "ఇడిస్తే ఇంకో ఇంటి పిల్లగాని దగ్గరికి పోతది బావా" అన్నాను. కొంకి పురుగు సంగతి కూడా చెప్పాను. కుక్కల్లో ఉండే ఆ రకం తడినేల మీద ఒట్టి కాళ్లతో తిరిగితే తోలులోకి దూరుతుంది. వంకరటింకర ఎర్రగీతలు, ఒకటే దురద. మనుషుల్లో ఉండే రకమైతే రక్తమే తాగుతుంది. 1880లో ఆల్ప్స్ కొండల్లో గోథార్డ్ రైలు సొరంగం తవ్వే కార్మికులు పాలిపోయి కూలిపోతుంటే, ఇటలీకి చెందిన పెరోన్సితో దానికి కారణం ఈ పురుగేనని తేల్చాడు. బావ చాలాసేపు మాట్లాడలేదు. భూమి కింద పనిచేసే మనిషి కదా! చివరికి లేచి వెళ్లి కొడుక్కి చెప్పులు తొడిగాడు.

మోతీ ఇంట్లోనే ఉంది. మందుకైన ఖర్చు ఇంటర్వెల్‌లో కొనే పాప్‌కార్న్ కన్నా ఎక్కువ కాలేదు. దాని మలం రోజూ నేనే ఎత్తి పారేస్తాను. గుడ్లు ముదరకముందే నేల శుభ్రమన్నమాట! ఇల్లు కట్టేవాళ్లు పోసిన ఇసుకకుప్ప మీద పట్టా కప్పించాం. మావాడికి గోళ్లు తీయడం, ఆట కాగానే సబ్బుతో చేతులు కడగడం అక్క డ్యూటీ. ముద్దాడడం మానలేదు, మన్ను తినడం మాన్పించాం. అసలు భయం మన్నుతోనే!

కనుక మిత్రులారా, ఏ సినిమానో చూసి కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తే తప్పక తెచ్చుకోండి. కానీ దారిలో పశువుల దవాఖాన దగ్గర ఓసారి ఆగండి. శుభం కార్డు పడేది అక్కడే!