తమ్ము తామే కడుగుకొను గోడలు

సున్నము వేసిన గోడ రెండు వానకాలములు గడచునప్పటికి చారలు కట్టి నల్లబారుట మన మెల్లర మెరిగినదే. మా బోరబండలో ఇండ్లు ఒకదాని నొకటి యానుకొని యుండుటచే ఎండ తగులని గోడలకు పాచి త్వరగా పట్టును. ఇచ్చట లింగంపల్లి వైపు పోవు లోకల్ రైలెక్కినచో మరుసటి స్టేషనే హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఆ ప్రాంతమెల్ల అద్దపు మేడలతో నిండినది. ఆ యద్దములకును మురికి తప్పదు. కాని వానిని కడుగుట మన గోడకు సున్నము వేయుటవంటిది కాదు.

మా మేనమామ చేయు పని యదియే. నడుమునకు పటకా బిగించి, మేడపైనుండి త్రాటిపై దిగుచు అద్దములు తుడుచును. భయము వేయదా యని నే నడుగగా, "క్రిందికి చూచినప్పుడు కాదు, గాలి లేచినప్పుడు" అనెను. ఆ మాట విన్నది మొదలు, అద్దము తన్ను తానే కడుగుకొను నుపాయ మేదైన కలదా యని పుస్తకములలో వెదకితిని. కలదు.

మన భీమునిపట్నపు సముద్రతీరమున నల్లని యిసుకలో ఇల్మనైటు అను ఖనిజమున్నది. దానియందలి టైటానియమునుండి చేయు తెల్లని పొడియే టైటానియం డయాక్సైడు. గోడలకు వేయు రంగులలోని తెలుపు చాలవరకు అదియే. వెలుతురు సోకిన ఈ పదార్థముతో నీటిని విడగొట్టవచ్చునని జపానులో ఫుజిషిమా, హోండా అను శాస్త్రజ్ఞులు 1972లో ప్రకటించిరి. దీనిని కంటికి కానరానంత పలుచగా అద్దముపై పూసినచో రెండు పనులు జరుగును. ఎండలోని అతినీలలోహిత కిరణములు తగులగానే అందలి ఎలక్ట్రానులు చోటు విడుచును. అవి ప్రాణవాయువును, అవి విడిచిన ఖాళీలు తేమను తీక్ష్ణమైన ద్రవ్యములుగా మార్చును. ఆ ద్రవ్యములు పొగజిడ్డును, పాచిని మెల్లమెల్లగా దహించును. రెండవది, నీరు బొట్లుగా నిలువక పొరవలె పరచుకొని, మురికి క్రిందికి జొరబడి దానిని కొట్టుకొనిపోవును. ఈ పనిలో పూత తాను ఖర్చు కాదు. వింత యంతయు నిందే కలదు. ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థ 2001లో ఇట్టి అద్దమును అంగడికి తెచ్చెను. రోమునగరమున 2003లో పూర్తియైన జూబిలీ దేవాలయమును ఇట్టి సిమెంటుతో కట్టిరి. మన నగరమునందే బాలాపూరులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయమువారు వస్త్రములకై ఈ టైటానియాపై కృషి చేసిరి.

ఇంతవరకు విని మా అమ్మ, "అద్దము తానే కడుగుకొన్నచో నా తమ్మునికి కూలి యెవ రిచ్చెదరు?" అనెను. న్యాయమైన ప్రశ్నయే. దానికి జవాబు మన ధూళియే చెప్పుచున్నది. జిడ్డు దహింపబడును గాని రాతిపొడి, సిమెంటు దుమ్ము దహింపబడవు. వానికి నీరే గతి. హైదరాబాదున వానలు ఎక్కువగా జూను మొదలు సెప్టెంబరు వరకే. చినుకు లేని నెలలలో పూత యేమి చేయగలదు? పైగా సూర్యకాంతిలో ఆ కిరణములు నూటికి అయిదుపాళ్లకు మించవు. మా సందులోని పాచిగోడకు అవియు దొరకవు. కనుక త్రాటిపై దిగు పని పోదు, తగ్గును. గాలి మిక్కుటముగా నుండు పైయంతస్తుల అద్దములకే ఈ పూత ముందుగా వేయవలెనని నా అభిప్రాయము. మామ దీని కొప్పుకొనెను గాని, "నెలజీతమైన సరే, అంతస్తుల లెక్కన కూలి యైనచో నష్టము నాకే" అని చేర్చెను.