టికియాపారా ఎండల్లో పచ్చి పులుసు

హౌరాలో లోకల్ ఎక్కి ఖరగ్‌పూర్ వైపు బయల్దేరారనుకోండి, మొదట తగిలే స్టేషన్ టికియాపారా. లోకల్ రైళ్ల కార్‌షెడ్డు ఉన్నదీ ఇక్కడే. మే నెల మధ్యాహ్నం ఇక్కడ పొయ్యి వెలిగించడమంటే ఎవరికైనా ప్రాణం మీదికి వస్తుంది. ఎండ మాట అలా ఉంచండి, అసలు బాధ ఉక్కతోనే. ఒంటికి పట్టిన చెమట ఆరదు.

కుండ సంగతీ అంతే. కర్నూల్లో కుండలో నీళ్లు పోస్తే సాయంత్రానికి జిల్లుమంటాయి. కుండ గోడలోంచి ఊరిన నీరు పొడిగాలికి ఆవిరైపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది కదా! ఇక్కడి గాలిలో అప్పటికే కావలసినంత తేమ ఉంటుంది, ఆవిరి పోయేదెక్కడికి? అందుకే చల్లటి పులుసు కావాలంటే టికియాపారాలో ఫ్రిజ్జే దిక్కు.

పులుసు అన్నాను కదా, పచ్చి పులుసు గురించే. పొయ్యి అవసరం లేని చల్లటి కూరగాయల సూపు మనకు ఎప్పట్నుంచో ఉంది. స్పెయిన్‌లోని అండలూసియా వాళ్లు టమాటా, కీరా, వెల్లుల్లి నూరి గజ్‌పాచో అని తాగుతారు. టమాటా వాళ్లకు అమెరికా ఖండం నుంచి వచ్చిందే, అంతకు ముందు రొట్టె, వెల్లుల్లి, నూనె, వెనిగర్‌తోనే సరిపెట్టుకున్నారు. మన చింతపండు పులుపు వాళ్ల వెనిగర్‌కు ఏమాత్రం తీసిపోదు. అన్నంలోకే ఎందుకు, గ్లాసులో పోసుకుని తాగి చూడండి.

నిమ్మకాయంత చింతపండును కాచి చల్లార్చిన నీళ్లలో నానబెట్టండి. ఇందులో ఏదీ ఉడకదు కాబట్టి నీళ్ల విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు, వానాకాలం ముంగిట మరీను. ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర సన్నగా తరిగి, ఉప్పు వేసి చేత్తో పిసకండి. దయచేసి మిక్సీ జోలికి పోకండి. పచ్చి ఉల్లిపాయ మిక్సీలో తిరిగిందంటే చేదెక్కుతుంది. చేత్తో పిసికితే ఉప్పుకు నీరు ఊరి, ఘాటు మెత్తబడుతుంది.

ఇక కీరా. బజార్లో 'శొశా' అని అడిగితే ఇస్తారు. ముందు చివర కోసి ఒక ముక్క నమిలి చూడండి. చేదుగా ఉంటే పక్కన పెట్టేయండి, ఒక్క చేదు కాయ గిన్నెడు పులుసునూ పాడు చేస్తుంది. ఒకటి తురిమి, ఇంకొకటి చిన్న ముక్కలుగా తరిగి, పిసికిన ఉల్లిపాయతో పాటు చింతపండు రసంలో కలిపి, కాస్త బెల్లం, వేయించి దంచిన జీలకర్ర వేయండి. నువ్వుల పొడి వేస్తే తెలంగాణ రుచి వస్తుంది. గిన్నె స్టీలుదో గాజుదో కావాలి, చింతపండుకు అల్యూమినియం పడదు.

బెంగాల్లో ఉన్నందుకు ఒక అదృష్టం ఉంది, గొంధొరాజ్ నిమ్మకాయ. పిండితే రసం పెద్దగా రాదు, వాసనంతా తొక్కలోనే. తాగబోయే ముందు పచ్చ తొక్కను గ్లాసు మీద కొద్దిగా తురమండి. కింది తెల్ల భాగం జోలికి వెళ్లొద్దు, అది చేదు.

రెండు గంటలు ఫ్రిజ్జులో ఉంచాక మళ్లీ రుచి చూడండి. చల్లబడితే ఉప్పూ తీపీ నాలుకకు తగ్గినట్టుంటాయి, మరో చిటికెడు పడుతుంది. ఏ పూటది ఆ పూటే తాగేయండి. మిగిలితే రాత్రికి ముద్దపప్పు అన్నంలో కలుపుకోవచ్చు గానీ, రేపటికి దాచకండి.