బుటా ఏడుంది బిడ్డా?

ఫోటోగ్రఫీ మీద మాట పడితే చాలు, మన హాస్టళ్లలో రెండు పక్షాలు తయారవుతాయి. ఒక పక్షం వారికి లెన్సు, షార్ప్‌నెస్, గ్రెయిన్ తప్ప వేరే లోకం లేదు. రెండో పక్షం వారు ‘భావం ముఖ్యమండీ’ అంటారు. వాళ్ళ బొమ్మల్లో భావం తప్ప ఇంకేమీ కనపడదు! ఇవాళ సెల్‌ఫోనే నాలుగైదు ఎక్స్‌పోజర్లు కలిపి చీకట్లోని వివరం కూడా బయటికి తీస్తోంది. తగవు మాత్రం అలాగే ఉంది.

ఆన్సెల్ ఆడమ్స్ సంగతి చూడండి. 1941లో న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె పక్కగా కారులో పోతూ, పైన చంద్రుణ్ణీ, కింద శ్మశానంలోని శిలువల మీద ఆరిపోబోతున్న ఎండనూ చూశాడు. ఆదరాబాదరా పెద్ద కెమెరా దింపాడు. లైట్ మీటరు ఎంత వెదికినా దొరకలేదు. అయితే చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. దాన్నిబట్టి లెక్కకట్టి, ఎఫ్ 32 దగ్గర ఒక్క సెకను ఇచ్చాడు. ఇంకోటి తీద్దామనుకునేలోగా ఎండ పోయింది. ఆ లెక్కే రాకపోతే ఆయన చూసిన చూపు ఆయనతోనే పోయేది. మరి రాబర్ట్ కాపా 1944 జూన్ 6న నార్మండీ తీరంలో తీసినవో? చాలామటుకు చెదిరిన బొమ్మలే. నీళ్లలో పాకే ఆ సైనికుడి ముఖం స్ఫుటంగా ఉంటే మనకు అంత భయం తెలిసేదా అని నా అనుమానం.

1983లో నేను పోచంపల్లిలో ఒక ముసలాయన మగ్గం దగ్గర రెండు బొమ్మలు తీశాను. గుంట మగ్గం, చీకటి గది, ఒక్కటే కిటికీ. 400 స్పీడు ఫిల్ము వేసి, లెన్సు పూర్తిగా తెరిచినా సెకనులో ఎనిమిదో వంతు కావాల్సి వచ్చింది. ముఖం నిలిచింది, చేతులు పొగలా కరిగిపోయాయి. రెండోది అరువు తెచ్చిన ఫ్లాషుతో: ప్రతి దారమూ ఉంది, గదిలోని చీకటి లేదు. కాలేజీలో అందరూ మొదటిదాన్నే మెచ్చుకున్నారు. నాకూ అదే ఇష్టం.

రెండు ప్రింట్లూ పట్టుకెళ్లి ఆయనకిచ్చాను. మొదటిది చాలాసేపు చూశాడు.

“చెయ్యి మంచిగనే ఊగుతున్నది. బుటా ఏడుంది బిడ్డా?”

అక్కడి పనితనం తెలిసినవారికి ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. దారాన్ని ముందే లెక్కప్రకారం కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తారు. రంగు దారం వెంబడి కాస్త పారుతుంది గనుక బుటా అంచు ఎప్పుడూ కొద్దిగా చెదిరే ఉంటుంది. ఆ చెదురును అదుపులో పెట్టడానికే ఆయన జన్మంతా ధారపోశాడు. నేను వెళ్లి దాన్నే పొగలో కలిపాను! అలాగని ఫ్లాషు బొమ్మా ఆయనకు నచ్చలేదు. “గిది నా ఇల్లే కాదు” అన్నాడు.

“తాతా, మరెట్ల తియ్యమంటవు?” అన్నాను.

“పొద్దుగాల రా. తూర్పు తలుపు తెరుస్త. దారం కొట్టినంక చెయ్యి జరంత ఆగుతది, గప్పుడు ఒత్తు.”

మర్నాడు గంటసేపు ఆయన చేతి తాళం వింటూ కూర్చున్నాను, మూడు వంతులు ఫిల్ము అయిపోయింది. చివరికి వచ్చిన ప్రింటులో గది చీకటి గదిలాగే ఉంది, వేలికొసలు కొంచెం చెదిరాయి. బుటాలు లెక్కపెట్టుకోవచ్చు. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు కూడా.