ఫుజైరా పెరట్లో రైలు పట్టాలు

దుబాయ్ వైపు నుంచి ఫుజైరాకి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి 2011లో వచ్చిన షేక్ ఖలీఫా హైవే, కొండల మధ్య నుంచి సూటిగా దింపేస్తుంది. రెండోది మసాఫీ మీదుగా వచ్చే పాత రోడ్డు. మసాఫీలో శుక్రవారం సంత అని పేరే గానీ అన్ని రోజులూ దుకాణాలు ఉంటాయి. అక్కడ ఆగి తివాచీలూ, మట్టికుండలూ, మొక్కలూ చూసుకుని, వాదీ హామ్ లోయ వెంట మెల్లగా సముద్రం వైపు దిగొచ్చు. మా ఇంటికి ఎవరొస్తున్నా పాత రోడ్డునే రమ్మంటాను. దారిలో బిత్నా వస్తుంది కాబట్టి.

బిత్నాలో ఖర్జూరపు తోటల మధ్య ఒక పాత కోట ఉంది. ఒకప్పుడు ఈ లోయలోంచి వచ్చేపోయేవాళ్ళని కనిపెట్టడానికి కట్టిన కోట. ఇప్పుడు అదే లోయ మీద ఎతిహాద్ రైల్ వంతెన నిలబడింది. పొడవు 600 మీటర్లు, ఎత్తు 40 మీటర్లు. హజర్ కొండల్లో ఈ మార్గం కోసం 9 సొరంగాలు తొలిచారు, అన్నీ కలిపితే 6.9 కిలోమీటర్లు. దేశం ఆ చివర నుంచి ఈ చివర దాకా సుమారు 900 కిలోమీటర్ల లైను. 2023 ఫిబ్రవరిలో సరుకు బళ్ళు మొదలయ్యాయి. ప్రయాణికుల కోసం ఫుజైరాలో సకంకం దగ్గర స్టేషను అన్నారు. మా ఊరికి రైలు అనగానే అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే అనుకుంటా.

ఎందుకంటే నేను పెరిగింది శృంగవరపుకోటలో. కొత్తవలస - కిరండోల్ లైను మా ఊరి మీదుగానే పోతుంది. 1960లలో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి వేసిన లైను అది. 58 సొరంగాలు. అరకు వెళ్ళే టూరిస్టులకి అది అందమైన ప్రయాణం. మాకు మాత్రం రాత్రిపూట మంచం కదిలించే గూడ్సు బండి. ఇంట్లో మాట్లాడుతున్నవాళ్ళం ఆగి, బండి వెళ్ళిపోయాక మళ్ళీ అక్కణ్ణించే మొదలుపెట్టేవాళ్ళం.

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. విమానం ఎన్నిసార్లు ఎక్కాడో వాడికే లెక్క లేదు. దుబాయ్ మెట్రో తెలుసు. కానీ కిటికీ పక్కన కూచుని చెట్లు వెనక్కి పోవడం చూసే రైలు తెలియదు. జూలైలో మూడు వారాల సెలవుకి వెళితే అన్నీ కార్లోనే, చుట్టాల ఇంటి నుంచి చుట్టాల ఇంటికి. బిత్నా దగ్గర మొదటిసారి గూడ్సు బండి చూసినప్పుడు వాడు అడిగిన ప్రశ్న, "అమ్మా, ఇందులో మనుషులు ఎక్కరా?" అని.

పెరట్లో రైలు ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. గది లోపల బల్ల మీద నడిచే బొమ్మ రైళ్ళు అందరికీ తెలుసు. ఆరుబయట, మట్టిలో, మొక్కల మధ్య నడిచే పెద్ద రకం ఇంకొకటి ఉంది. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో లేమాన్ అనే బొమ్మల కంపెనీ ఎల్.జి.బి. పేరుతో మొదలుపెట్టింది. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. ఎండా వానా తట్టుకునే ప్లాస్టిక్ స్లీపర్లు, ఇత్తడి పట్టాలు. యూరప్‌లోనూ అమెరికాలోనూ పెరళ్ళలో ఇలాంటి రైళ్ళు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫుజైరాలో నేను ఇంకొకరిని చూడలేదు.

మాకు దొరికింది పాత సెట్టు. ఇల్లు ఖాళీ చేసి సొంత ఊరికి వెళ్ళిపోతున్న ఒక జర్మన్ కుటుంబం ఆరువందల దిర్హాములకి ఇచ్చేసింది. చిన్న ఆవిరి ఇంజను ఆకారంలో ఉన్న కరెంటు ఇంజను, రెండు పెట్టెలు, ఒక గూడ్సు డబ్బా, పన్నెండు వంపు పట్టాలు, కొన్ని తిన్నని పట్టాలు. అట్టపెట్టె మూతకి లోపలి వైపు ఏది ఎన్ని ఉన్నాయో పెన్నుతో రాసి పెట్టుకున్నారు. గల్ఫ్‌లో మన ఇళ్ళల్లో సగం సామాను ఇలా వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర కొన్నదే కదా. సోఫా, వాషింగ్ మెషీను, పిల్లల సైకిలు, అన్నీ. మనమూ ఒకరోజు ఎవరికో ఇచ్చేసి వెళ్ళేవాళ్ళమే.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మాది అద్దె విల్లా. మా వారిది రెండేళ్ళకోసారి తిరగరాసే కాంట్రాక్టు. పెరట్లో ఒక వేపచెట్టు, ఒక ఖర్జూరం, తొమ్మిది మీటర్ల పొడవు ఇసుకనేల. ఇంట్లో పెద్ద అల్మైరా కొందామన్నా "ఎన్నాళ్ళుంటామో" అని వాయిదా వేసే మనుషులం, నేలలో పట్టాలు పాతడమేమిటి? ఇంటాయన మంచివాడు, ఒక్క షరతు పెట్టాడు: వెళ్ళేటప్పుడు నేల ఉన్నది ఉన్నట్టు అప్పగించాలి.

పట్టాలు వేయడానికి రెండు పద్ధతులున్నాయి. కాంక్రీటు పోసి దాని మీద మేకులతో బిగించడం ఒకటి. సన్న కంకర పరిచి అందులో పట్టాల్ని ఊరికే కూర్చోబెట్టడం రెండోది. డిగ్రీలో చదివిన ఫిజిక్సు ఇన్నేళ్ళకి పనికొచ్చింది. ఇత్తడి మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.019 మిల్లీమీటరు సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకీ జూన్ మిట్టమధ్యాహ్నం ఎండలో కాలే పట్టాకీ యాభై డిగ్రీల తేడా వేసుకుంటే, పన్నెండు మీటర్ల లైను ఒక సెంటీమీటరు పైనే పెరుగుతుంది. బిగించేస్తే ఆ పెరిగినది ఎక్కడికి పోతుంది? పక్కకి వంగి పైకి లేస్తుంది. కంకరలో వదులుగా ఉంటే వంపుల దగ్గర కాస్త జరిగి సర్దుకుంటుంది. పైగా ముక్కకీ ముక్కకీ మధ్య సందు వదలాలి. మా ముక్కలు 30 సెంటీమీటర్లవి, లెక్క వేస్తే ఒక్కో సందు 0.3 మిల్లీమీటరు వచ్చింది. అది దాదాపు విజిటింగ్ కార్డు మందం. మా వారి కార్డులు ఒక్కొక్కటీ పట్టాల మధ్య పెట్టి, బిగించి, తీసేశాం. రెండు డబ్బాల కార్డులకి ఇన్నాళ్ళకి ఒక ఉపయోగం దొరికింది.

అలా ఫుజైరా ఎండా, ఇంటాయన షరతూ రెండూ ఒకే పద్ధతి చెప్పాయి. నేలకి అంటుకోకుండా కూర్చోబెట్టు, అవసరమైతే ఎత్తి తీసుకుపో.

కంకరకి ఇక్కడ కొదవ లేదు. ఊరి చుట్టూ క్వారీలే, ఇక్కడి రాయి రేవు నుంచి ఓడల్లో పక్క దేశాలకి పోతుంది. నల్లగా, బరువుగా ఉండే ఆ రాయి పేరు గాబ్రో. సముద్రం అడుగు కింద గట్టిపడిన రాయి, సుమారు 9.5 కోట్ల ఏళ్ళ నాటిది, భూమి పలకలు ఒకదాన్నొకటి తోసుకున్నప్పుడు పైకొచ్చి కొండలైంది. మా అరకు కొండల రాయి ఇంకోటి, దాని పేరు ఖోండలైటు, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టారు. పట్టాల కింద వేయడానికి గుండ్రటి గులకరాళ్ళు పనికిరావు, దొర్లిపోతాయి. పలుగు అంచులున్న సన్న చిప్స్ అయితే ఒకదానితో ఒకటి పట్టేసుకుంటాయి. పది బస్తాలు తెప్పించి, పది సెంటీమీటర్ల ఎత్తున కట్ట పోశాం. 2022 జూలైలో ఈ ఊళ్ళో రెండు రోజుల్లో 250 మిల్లీమీటర్లకి పైగా వాన పడి వరద వచ్చింది. అది గుర్తుంచుకుని కట్ట కింద మూడుచోట్ల పైపు ముక్కలు పెట్టాం, నీళ్ళు అటునుంచి ఇటు పోవడానికి.

మొదటి ఏడాది లైను ఒక కోడిగుడ్డు ఆకారం, అంతే. రెండో ఏడాది గోడ వెంబడి వేపచెట్టు దాకా పొడిగించాం. సొరంగం కావాలన్నాడు మా వాడు. పన్నెండంగుళాల డ్రైనేజీ పైపు ముక్క మీద రాళ్ళు పేర్చాం. ఇప్పుడు అందులో పక్కింటి పిల్లి పడుకుంటుంది, దాన్ని లేపితేనే బండి కదులుతుంది. తర్వాత బిత్నా వంతెన కావాలన్నాడు. లెక్క వాడిచేతే వేయించాను. అసలు లైను పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, మాది 45, అంటే 32 వంతుల్లో ఒక వంతు. అలా చూస్తే వంతెన పొడవు 18 మీటర్ల 75 సెంటీమీటర్లు కావాలి. మా పెరడు దాటి పక్కింట్లోకి పోతుంది. ఎత్తు మీటరుంపావు, దాదాపు వాడంత. మన దేశపు బ్రాడ్ గేజి 1676 కాబట్టి అదే 45తో భాగిస్తే 37 వస్తుంది. పట్టాలు అవే, ఏ ఊరి బండి అనుకుంటే ఆ కొలత. చివరికి అల్యూమినియం యాంగిళ్ళతో మీటరున్నర వంతెన కట్టి సరిపెట్టుకున్నాం.

ఇక్కడ రైలు కాలం అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. వేసవిలో ఇంజనునీ పెట్టెల్నీ లోపల పెట్టేస్తాం. సముద్రపు గాలికి ఇత్తడి నల్లబడి కరెంటు అందదు, అంట్లు తోమే పచ్చపీచు చెక్కముక్కకి చుట్టి వారానికోసారి పట్టాలు రుద్దాలి. దుమ్ము చక్రాల పళ్ళల్లో చేరుతుంది, పాత టూత్‌బ్రష్షుతో దులపాలి. చెట్లకి మరువం కొమ్మలు నాటాను, కత్తిరిస్తూ ఉంటే అడవిలా గుబురుగా ఉంటుంది, రసంలోకీ పనికొస్తుంది. గట్టు మీద గడ్డిగులాబీ. వేసవి ఎండకి రెండుసార్లు అన్నీ మాడిపోయాయి, మళ్ళీ నాటాను.

మొన్న చలికాలం మా నాన్న వచ్చి రెండు నెలలు ఉన్నారు. మనవడికి తెలుగు సరిగ్గా రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు. మొదటి వారం ఇద్దరూ నావైపు చూసి మాట్లాడేవాళ్ళు. రైలు దగ్గర మాత్రం నా అవసరం పడలేదు. ఆయన కుర్చీలో కూచుని కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, తైడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు అంటూ స్టేషన్లు చెప్పేవారు. వీడు బండి ఆపేవాడు. ఒకరోజు పసుపు రంగు వేసిన చెక్కముక్క పట్టుకుని వచ్చి, "అమ్మా, 'బొర్రా'లో రావత్తు ఎలా రాయాలి?" అన్నాడు. ఆదివారం తెలుగు క్లాసులో ఏడాదిపాటు వేసిన ప్రశ్నలన్నీ నేనే వేశాను. వాడంతట వాడు అడిగింది ఇదే మొదటిసారి. పైన తెలుగు, కింద స్కూల్లో నేర్చుకుంటున్న అరబిక్, మధ్యలో ఇంగ్లీషు. నాన్న వెళ్ళేసరికి నాలుగు బోర్డులు తయారయ్యాయి. తైడ అన్న మాటకి ఐత్వం మూడుసార్లు చెరిపి రాశాడు.

ఈ ఏడాది మా వారి కాంట్రాక్టు మళ్ళీ రాయాలి, ఇంకా తేలలేదు. ఇంట్లో పెద్దవాళ్ళం ఇద్దరం ఆ మాట ఎత్తకుండా తిరుగుతున్న రోజుల్లో మా వాడు ఖర్జూరం చుట్టూ ఇంకో ఏడు మీటర్లు వేద్దామన్నాడు. "ఇప్పుడెందుకు, ముందు సంగతి తెలియనీ" అన్నారు మా వారు. నాకూ అదే నోటిదాకా వచ్చింది. కానీ ఈ మాట మనం ఎన్నేళ్ళుగా అంటున్నామో లెక్క వేసుకున్నాను. పెళ్ళై ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. అల్మైరా ఇప్పటికీ కొనలేదు. పిల్లవాడి చిన్నతనం మాత్రం కాంట్రాక్టు కోసం ఆగలేదు కదా. పైగా లైను ఎత్తి సర్దడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, ఒక్క పూట. కంకర బస్తాల్లోకి ఎత్తడానికి ఇంకో పూట.

అందుకని ఏడు మీటర్లకీ పట్టాలు తెప్పించాం. అట్టపెట్టె మూతలో జర్మన్ రాత కింద మా వాడు తెలుగులో కొత్త లెక్క రాశాడు. వచ్చే శుక్రవారం కంకర పోయాలి. మీరెవరైనా ఈ చలికాలంలో ఫుజైరా వైపు వస్తే పాత రోడ్డునే రండి. బిత్నా దగ్గర కాసేపు ఆగితే గూడ్సు బండి కనబడొచ్చు. మా ఇంట్లో మటుకు సాయంత్రం నమాజు పిలుపు అయ్యాక బండి బయల్దేరుతుంది, పిల్లి లేస్తే.