చింతగింజ నుక్తా

మగ్రిబ్ నమాజు అయ్యాక చిన్నోడికి ఖాయిదా చదివించడం మా ఇంట్లో నా డ్యూటీ. వాడికి ఆరేళ్లు. జీమ్, హా, ఖా దగ్గర రోజూ తంటానే. మూడింటిదీ ఒకే సూరత్. కడుపులో నుక్తా ఉంటే జీమ్, నెత్తిన ఉంటే ఖా, అసలు లేకపోతే హా. ఆ రోజు నాలుగోసారీ తప్పు చదివాడు. నాకు గుస్సా వచ్చి స్కేలు ఎత్తాను. కొట్టలేదు. కానీ వాడు కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు చెవులదాకా లేపాడు. అంటే, ఇదివరకు తిన్న దెబ్బలు వాడికి యాదున్నాయి.

ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ ఛడీ ముందు నేనూ అచ్చం అలాగే నిలబడేవాణ్ని.

బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోందంటూ పేపర్లో ఎన్నిసార్లు రాశానో! ఇంట్లో మాత్రం అదే పనికి తర్బియత్ అని పేరు పెట్టుకున్నాను.

అమ్మీ తస్బీహ్ తిప్పడం ఆపి అడిగింది: "నీకు ఆ ఉస్తాద్ చెప్పిన సబక్ యాదుందా బేటా, ఛడీ యాదుందా?"

ఛడీయే. ఆ మాట పైకి అనలేకపోయాను.

మర్నాడు వంటింట్లోంచి ఒక చింతగింజ తెచ్చాను. పలక మీద హా రాసి, గింజ వాడి చేతికిచ్చాను. కడుపులో పెట్టాడు, జీమ్. నెత్తిన పెట్టాడు, ఖా. తీసేశాడు, హా. పకపకా నవ్వాడు. రెండు రోజుల్లో ఆ సఫా దాటేశాం.

అయినా ఇప్పటికీ గింజ పెట్టేముందు వాడు ఒకసారి నా చేతివైపు చూస్తాడు. ఆ చూపు పోయేదాకా నా సబక్ పూర్తి కానట్టే.