పటంలో నల్లని వాగు

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే రహదారిలో మన్ననూరు తనిఖీ కేంద్రం దాటగానే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఆరంభమవుతుంది. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఈ దారిలో వాహనాలను వదలరు. కృష్ణానదికి ఉత్తరాన ఉన్న ఈ నల్లమల భాగం, 2014లో రాష్ట్రం రెండయ్యేవరకు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో అంతర్భాగంగానే ఉండేది. లోపల ఫరహాబాద్ అనే ఎత్తైన చోటు ఉంది. అరబీలో ‘ఫరహ్’ అంటే సంతోషం. నేడు ఆ పేరు పలికేవారిలో ఎందరికి దాని అర్థం తెలుసో గాని, అక్కడి కొండ అంచున నిలబడి కిందికి చూసినవారు పేరు సార్థకమని ఒప్పుకోక తప్పదు.

మదరసా విద్యార్థులను వెంటబెట్టుకుని మేము ఈ అడవికి వెళ్ళడం ఇది మూడవసారి. మొదటి ప్రయాణపు సంగతి ముందుగా చెప్పుకోవాలి. అందులోని తప్పు పూర్తిగా మాదే.

అప్పుడు మా వద్ద సర్వే ఆఫ్ ఇండియా వారి పాత స్థలాకృతి పటం ఒకటి ఉండేది. కాగితం మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. చుక్కల గీతగా చూపిన ఒక కాలిబాట, దానికి అడ్డంగా ఒక వాగు అందులో కనిపించాయి. బాట ఉంది, వాగు ఉంది, ఇంకేమి కావాలనుకున్నాము. ఎనిమిదిమంది పిల్లలతో, అనుమతి ఉన్న హద్దు దాటి, మనిషికి ఒక్క సీసా నీటితో బయలుదేరాము. గంట నడిచేసరికి బాట పొదలలో కలిసిపోయింది. వాగు చేరాము గాని అందులో ఇసుక తప్ప మరేమీ లేదు. చిన్నవాడొకడు కూర్చుండిపోయాడు. తేనె కోసం వచ్చిన ఒక చెంచు పెద్దాయన మమ్మల్ని చూడకపోయి ఉంటే ఆ సాయంత్రం ఏమయ్యేదో తలచుకోవడానికే ఇష్టం లేదు. ఆయన తన నీళ్ళు ముందు పిల్లవాడికి తాగించి, తరువాత మావైపు తిరిగి, “సాయిబూ, ఇది మనుషులు నడిచే బాట కాదు. ఎలుగులు నీళ్ళకు పోయే దారి” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే మరింత సిగ్గుపడ్డాము.

ఇంటికి వచ్చి పటం మళ్ళీ తెరిచాము. వాగు గీత నల్లగా ఉంది. ఏడాది పొడుగునా నీరుండే ప్రవాహాలను నీలిరంగులోనూ, ఎండిపోయే వాగులను నలుపులోనూ గీస్తారని పక్కనున్న సంకేతాల పట్టికలోనే రాసి ఉంది. సర్వే జరిగిన సంవత్సరం కూడా అంచున ఉంది. మేము పుట్టిన కొద్ది కాలానికే వేసిన పటమది. ఆనాటి కాలిబాట నేటికీ ఉంటుందనుకోవడం ఎంత అమాయకత్వం! అక్షరాలు నేర్వకుండా గ్రంథం పట్టుకుంటే ఏమవుతుందో పిల్లలకు రోజూ చెప్పే మేమే ఆ పని చేశాము.

ఈసారి బయలుదేరడానికి నెల ముందే పిల్లలకు పటం పాఠం మొదలుపెట్టాము. గోధుమరంగు గీతలన్నీ ఎత్తును చెప్పేవి. ఒక గీతకూ మరొక గీతకూ నడుమ 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు ఎడంగా ఉంటే చదును, ఒత్తుగా ఉంటే నిట్టనిలువు. 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట అని నేస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు. మన ఎండలకు, మన పిల్లలకు దానిని రెట్టింపు చేసుకోవడమే మేలని మా అభిప్రాయం. ఈ సర్వే చరిత్రలో మనవారి చేయి కూడా ఉంది. జార్జ్ ఎవరెస్టు కాలంలో కొలత పరికరాలను బాగుచేసిన నిపుణుడు ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. ఆ మాట విన్నాక పిల్లలకు గీతల మీద శ్రద్ధ పెరిగింది.

లెక్క వచ్చిందని అడవి మనదైపోదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు. ఈసారి అటవీశాఖ వారి అనుమతి తీసుకున్నాము. స్థానిక చెంచు యువకుడొకరు దారి చూపారు. పొయ్యి వెలిగించలేదు. వేసవిలో ఎండుటాకుల నడుమ ఒక్క నిప్పురవ్వ చాలు. రొట్టెలు ఇంటినుండే కట్టుకుని, కాగితాలు, సంచులు తిరిగి మోసుకొచ్చాము. మధ్యాహ్నం నీడలో దిక్సూచి పెట్టి, పడమరకు కాస్త ఉత్తరంగా తిరిగి జుహర్ నమాజు చేశాము.

సాయంత్రం పడుతుండగా మా బాట ఒక మలుపు వద్దకు చేరింది. పటంలో ఇక్కడికి అర కిలోమీటరు లోపే నీలిరంగులో ఒక మడుగు ఉంది. “ఉస్తాద్, ఒక్కసారి చూసి వద్దాం” అని ఇద్దరు ముగ్గురు బతిమాలారు. మేము జవాబు చెప్పకుండా పటాన్ని వారి ముందే పరిచాము. పన్నెండేళ్ళ పిల్లవాడొకడు వేలితో గోధుమ గీతలు లెక్కపెట్టాడు. “ఏడు గీతలు ఉస్తాద్, అంటే 140 మీటర్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. చీకటి పడుతుంది” అన్నాడు. కాసేపు ఆగి, “ఇది వాటికి నీళ్ళు తాగే వేళ కూడా కదా” అన్నాడు. చెంచు యువకుడు నవ్వి, ఏమీ అనకుండా వచ్చిన దారివైపు తిరిగాడు. పిల్లవాడు పటాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.